లక్క పిడి

కేఏ 09 నంబరు కారు మా సెల్లారులోకి వచ్చిన సాయంత్రం వాచ్‌మన్ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. డ్రైవరు సీటు తలుపు తెరుచుకుంది. ముందు రెండు చంక కర్రలు బయటికొచ్చాయి. తర్వాత మనిషి దిగాడు. అరవై దాటి ఉంటాయి. రెండు కాళ్ళకీ కాలిపర్లు. పక్క సీట్లోంచి దిగిన కొడుకు డిక్కీ తీసి సామాను దించుతున్నాడు.

"ఎవరు నడిపారు సార్?" వాచ్‌మన్ కొడుకుని అడిగాడు.

"నాన్నే. మైసూరు నుంచి 700 కిలోమీటర్ల పైన. రాత్రికి అనంతపురంలో ఆగాం."

వాచ్‌మన్ చంక కర్రల వంక చూసి, సూట్‌కేసు అందుకున్నాడు.

కొడుకు మా ఎదురు ఫ్లాటులో నాలుగేళ్ళుగా ఉంటున్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. పెద్దాయన మైసూరులో బ్యాంకు గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయి ఏడాదైంది. ఒంటరిగా ఎందుకని కొడుకు వెళ్ళి తీసుకొచ్చాడు.

మర్నాడు పొద్దున పెద్దాయన కారు తుడుస్తూ కనిపించాడు. పలకరించాను. తలుపు తీసి చూపించాడు.

స్టీరింగు కింద ఎడమ వైపు ఒక ఇనప కడ్డీ ఉంది. దాన్నుంచి రెండు సన్నటి ఊచలు కిందికి దిగి, ఒకటి బ్రేకు పెడల్‌కి, ఒకటి యాక్సిలరేటర్‌కి బిగించి ఉన్నాయి. కడ్డీని తనవైపు లాగితే బండి కదులుతుంది. ముందుకు తోస్తే ఆగుతుంది. గేర్లు వాటంతటవే పడతాయి. క్లచ్ లేదు.

"రెండో ఏట పోలియో వచ్చిందండీ. 2017లో ఈ కారు కొన్నాను. అప్పటిదాకా ఆటోలే," అన్నాడు.

కడ్డీ చివర నిమ్మకాయంత ఎర్రటి పిడి ఉంది. దాన్ని అడిగాను.

"మొదట నల్ల ప్లాస్టిక్‌ది ఉండేది. ఎండాకాలం చెమటకి చెయ్యి జారేది. ఒకసారి బెంగళూరు వెళ్తూ చన్నపట్నంలో ఆగాం. మా ఆవిడ బొమ్మల కొట్లోకి వెళ్ళి ఇది పట్టుకొచ్చింది. ఏదో బొమ్మ తలకాయ. ఆ కొట్టువాడే లేత్ మీద పెట్టి బెజ్జం వేసిచ్చాడు. డబ్బులు తీసుకోలేదు."

చన్నపట్నం బొమ్మకైనా మన ఏటికొప్పాక బొమ్మకైనా చెక్క ఒకటే, అంకుడు. లేత్ మీద చెక్క తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి చెక్కని పట్టుకుంటుంది. ఏళ్ళు గడిచినా ఊడదు. ఈ పిడికి మాత్రం ఒక పక్క ఎరుపు పోయి లోపలి చెక్క కనిపిస్తోంది. పెద్దాయన అరచెయ్యి దాని మీద ఆనించాడు. తెల్లబడిన చోటు సరిగ్గా అరచేతి కిందికి వచ్చింది.

వెనక అద్దం మీద చక్రాల కుర్చీ బొమ్మ ఉన్న నీలం స్టిక్కరు ఉంది. కొంచెం వంకరగా ఉంది.

"నేనే అంటించాను. వంగి సరిచూసుకోలేకపోయాను," అన్నాడు.

ఆ వారంలోనే కొడుకు మా ఇంటికొచ్చాడు.

"అంకుల్, మీరు పుణె నుంచి వచ్చినప్పుడు బండి ఇక్కడికి మార్పించుకున్నారు కదా. నాన్న బండికి ఏం చెయ్యాలో చెప్తారా?"

చెప్పాను. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకి మించి ఇక్కడ ఉంచితే కొత్త నంబరు తీసుకోవాల్సిందే. పాత ఆఫీసు నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి. అది వాళ్ళు వచ్చేముందే తీసుకున్నారు. కొత్త నంబరుకి ఫారం 27, చిరునామా మార్పుకి ఫారం 33. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన ప్రింటు. ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇక్కడి అడ్రసు రుజువు. వీటన్నిటికన్నా పెద్దది లైఫ్ ట్యాక్సు. అక్కడ కట్టాం కదా అంటే కుదరదు, బండి వయసు చూసి ఇక్కడ మళ్ళీ కట్టాలి. నా పాత బండికే 70 వేల పైన పడింది. అక్కడ కట్టినదాంట్లో మిగిలిన కాలానికి తిరిగి ఇమ్మని అడగొచ్చు. అది వేరే తిరుగుడు.

"దివ్యాంగుల బండికి ట్యాక్సు ఉండదటగా అంకుల్?"

"బండి వాళ్ళ పేరు మీద ఉండాలి. వాళ్ళు నడపడానికి వీలుగా మార్చి ఉండాలి."

"రెండూ ఉన్నాయి," అన్నాడు. ఫోనులో రాసుకున్నాడు.

వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగాడు. "మీరూ మాతో వస్తారా? ఆఫీసుల్లో నాన్న మాట్లాడలేడు. మొహమాటస్థుడు."

వస్తానన్నాను.

రవాణా ఆఫీసుకి వెళ్ళిన రోజు కారు కొడుకే నడిపాడు. ఊరు కొత్త కదా అని పెద్దాయన్ని వెనక కూర్చోబెట్టాడు. కొడుకు పెడల్ నొక్కినప్పుడల్లా ఎర్ర పిడి దానంతటదే కదులుతోంది. పెద్దాయన రెండు సీట్ల మధ్యనుంచి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆఫీసు ముందు దిగగానే కొడుకు ఎడమ మోకాలు రుద్దుకున్నాడు.

కిటికీ దగ్గర కుర్రాడు కాగితాలు ఒక్కొక్కటే తిప్పాడు. ఆర్సీ దగ్గర ఆగాడు.

"బండికి మార్పులు చేశారా?"

"చేతితో నడిపే ఏర్పాటు ఉంది," అన్నాడు కొడుకు.

"కంపెనీ ఇచ్చినట్టు లేకపోతే రిజిస్టర్ కాదండీ. పైగా అక్కడివాళ్ళే ఇన్‌వాలిడ్ క్యారేజ్ అని రాశారు. ఇన్‌వాలిడ్ అంటే చెల్లదని కదా. చెల్లని బండికి మేం నంబరు ఎలా ఇస్తాం?"

దివ్యాంగులు నడిపే బండికి పాత చట్టంలో ఉన్న పేరు అది. నేను చెప్పబోయాను. కొడుకు నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"చెల్లనిది కాదు సార్. అది మా నాన్న బండి," అన్నాడు. గొంతు పెద్దదైంది. "మా నాన్నకి రెండు కాళ్ళూ లేవనుకోండి. ఈ బండి వచ్చాక ఆయన ఎవర్నీ చెయ్యి అడగలేదు. మా అమ్మకి డయాలసిస్ అయితే వారానికి మూడుసార్లు ఆయనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. మైసూరు నుంచి ఇక్కడిదాకా ఆయనే నడుపుకుంటూ వచ్చాడు. మీరు నంబరు ఇవ్వకపోతే ఇవ్వకపోయారు. కానీ బండి తీసుకుంటే ఆయన్ని ఇంట్లో కట్టేసినట్టే. అది నా వల్ల కాదు."

వరుసలో మాటలు ఆగిపోయాయి. లైసెన్సు కోసం వచ్చిన ఒకావిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఎవరో కుర్చీ తెచ్చి పెద్దాయన వెనక వేశారు. పెద్దాయన తల దించుకుని గచ్చు చూస్తున్నాడు. కొడుకు చెయ్యి ఆయన భుజం మీద ఉంది.

కిటికీలో కుర్రాడు లేచి నిలబడ్డాడు. "సారీ అండీ. సదరం సర్టిఫికెట్ ఉందా?"

సదరం మన దగ్గర ఇచ్చేది. పెద్దాయన జేబులోంచి యూడీఐడీ కార్డు తీశాడు. అది దేశమంతా చెల్లుతుంది. కుర్రాడు కార్డు అటూ ఇటూ తిప్పి, ఫైలుకి జత చేసి, లోపలికి పంపాడు.

లోపల బోర్డు మీద మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ అని ఉంది. బయట అందరూ అనేది బ్రేక్ ఇన్‌స్పెక్టరనే. నలభై ఏళ్ళావిడ. ఫైలు మొత్తం చదివింది. బల్ల సొరుగులోంచి లావుపాటి పుస్తకం తీసింది.

"ఆ కుర్రాడి తప్పు కాదు," అంది. "కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పట్నుంచి మార్పు అన్న మాట వింటేనే మావాళ్ళు భయపడతారు. అదే ఏడాది చట్టాన్ని సవరించారు. ఇన్‌వాలిడ్ అన్న మాట పోయింది. ఇప్పుడు ఎడాప్టెడ్ వెహికల్ అంటారు. మీ బండికి అది వర్తిస్తుంది."

పేజీ తిప్పి వేలు పెట్టింది.

"ఒక్కటే షరతు. అలాంటి బండిని ఆ మనిషి మాత్రమే వాడాలి. లేదా ఆ మనిషి కోసం మాత్రమే వాడాలి." మాత్రమే అన్నచోట వేలు రెండుసార్లు ఆనించింది. "మీకు వేరే బండి ఉందా బాబూ?"

"బైకు ఉంది మేడమ్. ఆఫీసుకి దాని మీదే వెళ్తాను."

"ఎంత దూరం?"

"రానూపోనూ 40 కిలోమీటర్లు."

ఆవిడ తల ఊపి లేచింది. "పదండి. పెద్దాయన నడిపి చూపించాలి."

ఆఫీసు వెనక ఖాళీ జాగా ఉంది. పెద్దాయన చంక కర్రలు నా చేతికిచ్చాడు. సీటు పట్టుకుని కూర్చుని, ఒక్కో కాలూ చేత్తో ఎత్తి లోపల పెట్టుకున్నాడు. వెనక్కి జరిపి ఉన్న సీటుని ముందుకు లాక్కున్నాడు. ఇన్‌స్పెక్టర్ పక్కన కూర్చుంది. కొడుకూ నేనూ వేపచెట్టు కింద నిలబడ్డాం.

ఎర్ర పిడి అరచేతిలోకి వెళ్ళిపోయింది. కారు కదిలింది.

ఒక చుట్టు తిరిగాడు. రెండు డ్రమ్ముల మధ్యకి రివర్సులో వెళ్ళి ఆగాడు. మళ్ళీ బయటికొచ్చాడు. రెండో చుట్టులో స్కూటీ నేర్చుకుంటున్న అమ్మాయి అదుపు తప్పి కారుకి అడ్డం వచ్చింది. మేం అరిచేలోపే కారు ఆగిపోయింది. కుదుపు లేదు. శబ్దం లేదు. అమ్మాయి కాలు కింద పెట్టి, కారు వంక చూసి, పక్కకి తప్పుకుంది.

ఇన్‌స్పెక్టర్ దిగలేదు. అలాగే కూర్చుని ఏదో అడుగుతోంది. దగ్గరికి వెళ్ళాం.

"బ్రేకు ఎప్పుడు వేశారో నాకు కనపడలేదు," అంటోంది. పిడి వైపు చూపించింది. "ఇదేంటి, బొమ్మలా ఉంది?"

"బొమ్మేనమ్మా," అన్నాడు పెద్దాయన. ఆ రోజు ఆయన మాట్లాడిన మొదటి మాట అది.

ఆవిడ పిడి మీద చెయ్యి వేసి చూసింది. చెక్క బయటపడిన చోటు వేలితో తడిమింది. బానెట్ మీద ఫైలు పెట్టి రాసుకుంది. బండి, బండిలోని ఏర్పాటు, నడిపిన తీరు అన్నీ రాసి సంతకం పెట్టింది.

"లైఫ్ ట్యాక్సు మాఫీకి కూడా రాస్తున్నాను."

"పూర్తిగానా మేడమ్?" అన్నాడు కొడుకు.

"పూర్తిగానే."

"మళ్ళీ ఎప్పుడైనా కట్టమంటారా?"

"బండి ఇలాగే ఉన్నంతకాలం ఎవరూ అడగరు."

ఫైలు మూసి పెద్దాయన వైపు తిరిగింది. "కిటికీ దగ్గర మీ అబ్బాయి అన్న మాటలు లోపలికి వినపడ్డాయి. ఈ ఉద్యోగంలో 15 ఏళ్ళు చేశాను. పెద్దవాళ్ళని ఇంట్లో కూర్చోబెట్టి వాళ్ళ బండ్లు అమ్ముకునేవాళ్ళనే చూశాను. మీరు అదృష్టవంతులు."

పెద్దాయన రెండు చేతులూ జోడించాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. కొడుకు అటు తిరిగి ఫోను చూసుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు పెద్దాయన డ్రైవరు సీట్లోనే ఉన్నాడు. "నేను నడపనా?" అన్నాడు.

"అలిసిపోయావు నాన్నా. వెనక కూర్చో," అన్నాడు కొడుకు. సీటు వెనక్కి జరుపుకున్నాడు.

మూడో వారంలో కార్డు పోస్టులో వచ్చింది. టీజీ నంబరు. వాహనం రకం దగ్గర ఎడాప్టెడ్ వెహికల్ అని ఉంది. కొత్త నంబరు ప్లేట్లు బిగించారు. పెద్దాయన కార్డుని ప్లాస్టిక్ కవరులో పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. లిఫ్టులో కనిపించిన ప్రతివాళ్ళకీ తీసి చూపించాడు.

శనివారం సాయంత్రం కర్రల చప్పుడు చేసుకుంటూ మా ఇంటికొచ్చాడు. చేతిలో కాగితం, పెన్ను.

"చిక్కడపల్లిలో పెద్ద లైబ్రరీ ఉందటగా. దారి చెప్పండి, రాసుకుంటాను."

మాది మియాపూర్. కూకట్‌పల్లి, అమీర్‌పేట, ఖైరతాబాద్, సెక్రటేరియట్ పక్కనుంచి ఇందిరా పార్కు, అశోక్‌నగర్ అని చెప్పాను. బ్యాంకు గుమాస్తా దస్తూరీ. ఒక్కో పేరు కింద గీత గీసి రాసుకున్నాడు. ఎక్కడ ఎడమకి తిరగాలో, ఎక్కడ ఫ్లయ్ఓవర్ ఎక్కకూడదో బాణం గుర్తులు వేసుకున్నాడు.

"మంగళవారం వెళ్తాను. పదకొండు దాటితే రద్దీ తగ్గుతుందా?"

"తగ్గుతుంది. నన్నూ తీసుకెళ్ళండి," అన్నాను.

"మీరు పక్కన కూర్చోండి. దారి తప్పినా చెప్పకండి. నేనే కనుక్కుంటాను," అని నవ్వాడు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు.

ఆదివారం పొద్దున పాలు తేవడానికి కిందికి దిగాను. సెల్లారులో కారు తలుపులు తెరిచి ఉన్నాయి. డ్రైవరు సీటు దగ్గర మెకానిక్ కుర్రాడు వెల్లకిలా పడుకుని స్టీరింగు కింద తల పెట్టాడు. పక్కన కొడుకు నిలబడ్డాడు. పెద్దాయన వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. దారి రాసుకున్న కాగితం ఒళ్ళో ఉంది.

"మావాడు మెకానిక్‌ని పిలిపించాడండీ," అన్నాడు నన్ను చూసి. "కడ్డీ కొంచెం బిగుసుకుంది, గ్రీజు పెట్టించమని మొన్న అన్నాను. గుర్తుపెట్టుకున్నాడు."

స్పానరు కింద పడ్డ చప్పుడైంది. మెకానిక్ బయటికొచ్చాడు. చేతిలో కడ్డీ ఉంది. దానికి రెండు ఊచలూ వేలాడుతున్నాయి.

"మొత్తం వచ్చేసింది సార్. ఓసారి కూర్చుని చూసుకోండి."

కొడుకు సీట్లో కూర్చున్నాడు. ఎడమ కాలు చాపాడు. ముడిచాడు. మళ్ళీ చాపాడు.

"ఇప్పుడు తగలట్లేదు," అన్నాడు.

పెద్దాయన కుర్చీలోంచి లేవబోయాడు. కర్రలు స్తంభానికి ఆనించి ఉన్నాయి. అందలేదు. కూర్చున్నాడు.

"నాన్నా, ఈ ట్రాఫిక్‌లో నీకెందుకు చెప్పు ఈ తిప్పలు," అన్నాడు కొడుకు లోపల్నుంచి. "ఎక్కడికి వెళ్ళాలన్నా నేనున్నాను కదా."

పెద్దాయన కాగితం మడిచాడు. మడిచినదాన్ని మళ్ళీ మడిచాడు.

మెకానిక్ కడ్డీ చివరి పిడిని తిప్పి ఊడదీశాడు. గుడ్డతో తుడిచి పెద్దాయన చేతిలో పెట్టాడు. "చెక్కది సార్. పిల్లలు ఆడుకుంటారు."

పెద్దాయన వేళ్ళు దాని చుట్టూ మూసుకున్నాయి. అరచెయ్యి చెక్క బయటపడిన చోటే ఆనింది. చెయ్యి కొంచెం ముందుకు కదిలి ఆగింది.

మెకానిక్ సామాన్లు సర్దుకుంటూ కారు వెనక్కి వెళ్ళాడు. అద్దం మీది నీలం స్టిక్కరు గోటితో గీకి చూశాడు.

"ఇది కూడా తీసెయ్యనా సార్? బ్లేడు ఉంది."

"అది ఉండనీ," అన్నాడు కొడుకు, సీటు సరిచేసుకుంటూ. "మాల్‌లో పార్కింగుకి పనికొస్తుంది."